బుద్రమ్మ కాఫీ ఏ ఊరిది?

సోమవారం. బయట దుమ్ము.

రుచి పుస్తకంలో రుచి తప్ప ఇంకేమీ రాయకూడదని పైవాళ్ళ ఆజ్ఞ. "దమయంతి గారూ, కాఫీ గురించి రాయమంటే మీరు ఊరి కబుర్లన్నీ రాస్తున్నారు" అని ఆ మధ్య ఒక పెద్దమనిషి సణిగాడు. రాస్తాను. విసుగనిపిస్తే పేజీ తిప్పుకోమనండి. పొద్దస్తమానం గిన్నెల్లో ముక్కు పెట్టుకుని కూర్చునేదాన్ని, నా గోడు ఇంకెక్కడ చెప్పుకోను?

దుమ్ము తెల్లవారకముందే లేచింది. కుజుడి మీద దుమ్ము లేచిందంటే ఒక వీధికో ఒక ఊరికో కాదు, గ్రహం మొత్తానికి దుప్పటి కప్పినట్టే. లోయ పైన గాజు కప్పంతా కుంకుడుకాయ రంగుకి తిరిగింది. చూస్తూ నిలబడిపోయాను. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే, అయినా ప్రతిసారీ నోరు తెరుచుకునే చూస్తాను. అంత పెద్దది అంత నిశ్శబ్దంగా వచ్చి మీద కూర్చుంటే ఎవరికైనా అంతే.

తర్వాత పని. నీళ్ళు మరగబెట్టాను. లోయలో కాఫీ పెంచే అయిదు పందిళ్ళ గింజలూ విడివిడిగా వేయించి, బరకగా ఆడించి, అయిదు గిన్నెల్లో పోశాను. వేణ్ణీళ్ళు పోసి ఆగితే పైన తెట్టు కడుతుంది. ఆ తెట్టుని చెంచాతో పగలగొట్టేటప్పుడు ముక్కు గిన్నెకి ఆనించాలి. మొదటి ఆవిరిలో ఉన్నంత నిజం తర్వాత ఉండదు. ఆ తర్వాత చెంచాతో తీసి జుర్రుమని లాగాలి. చిన్నప్పుడు జుర్రితే మా అమ్మ వీపు మీద ఒక్కటిచ్చేది. ఇప్పుడు నా ఉద్యోగమే అది.

హరాజ్ గిన్నె: ఎండుద్రాక్ష, చివర్న కొంచెం పులిసిన పండు. బాగుంది. ఊయిలా: చెరకు పానకం. తొరాజా: తడిసిన చెక్క, మిరియం. సిదామా తెట్టు పగలగొట్టేసరికి గదంతా మల్లెపూలు. ఇవన్నీ యెమెన్, కొలంబియా, సులవేసి, ఇథియోపియా కొండలు. భూమి మీద వాటి మధ్య సముద్రాలుండేవట. ఇక్కడ మధ్యలో ఒక సొరంగమూ, చెప్పులు విడిచే అరుగూ ఉన్నాయి. ఎడమ తలుపు తీస్తే ఒక దేశం, కుడి తలుపు తీస్తే ఇంకో దేశం. ఆ కొండలు వేడెక్కి కాఫీ నిలవలేని రోజులొచ్చినప్పుడు ఒక్కో చోటునుంచి ఒక్కో చిన్న రైతు కుటుంబం మొక్కలు ఒళ్ళో పెట్టుకుని, ఒక పెట్టెడు ఇంటి మట్టి పట్టుకుని ఇక్కడికొచ్చింది. వాళ్ళ మనవలూ మునిమనవలూ ఇప్పుడు ఆ పందిళ్ళు చూసుకుంటున్నారు.

అయిదోది అరకు, గెమ్మెలి బుద్రమ్మ పందిరి. దానికి బెల్లం వాసన, నారింజ తొక్క, చివర్న మిరియాల చురుకు ఉండాలి. చెంచా నోట్లో పెట్టుకున్నాను. బెల్లం ఉంది. నారింజ ఉంది. వాటి కింద ఇంకేదో ఉంది.

పక్కన రుచి యంత్రం ఉంది, నేను పెట్టె అంటాను. భూమి మీద పండిన పాత కాఫీల వాసనలన్నీ దాని బుర్రలో ఉంటాయి. అయిదో గిన్నె దాని ముందు పెడితే ఎర్ర దీపం వెలిగింది. "అరకు కాదు" అంది. సరే, ఏ ఊరిదో చెప్పమన్నాను. "తెలియదు" అంది. ఆ పెట్టె తెలియదనడం నేనెప్పుడూ వినలేదు.

సరిగ్గా అప్పుడే కోదండపాణి గారు వచ్చారు. లోయలో ఏ పందిరికి ఎంత వెలుగు ఇవ్వాలో పంచే ఆఫీసరు ఆయన. మెత్తటి మనిషి. తిడదామన్నా నోరు రాదు, అదే నా బాధ.

"దుమ్ము ఈసారి త్వరగా దిగేలా లేదండీ. ఎండ పట్టే అద్దాలు పనిచెయ్యట్లేదు. ఉన్న కరెంటుతో అయిదు కాఫీ పందిళ్ళూ నడపలేం. ఒకటి ఆర్పెయ్యాలి."

"ఏదీ?"

"రూలు మీకు తెలుసు కదండీ. సొంత చోటి రుచి నిలుపుకోలేనిది ముందు ఆరుతుంది." ఆయన చూపు ఎర్ర దీపం మీద పడింది. "శనివారం అందర్నీ కూర్చోబెడతాను. ఈలోగా మీరు తేల్చండి."

కాఫీ గింజని వడ్లలాగా గాదెలో పోసి దాచలేం. కొన్ని నెలలు పోతే మొలకెత్తదు. చెట్టు బతికి ఉంటేనే కాఫీ ఉన్నట్టు. దీపాలు ఆరితే బుద్రమ్మ చెట్లు పోతాయి, మళ్ళీ తెచ్చుకోవడానికి ఎక్కడా లేవు.


మంగళవారం. దుమ్ము అలాగే ఉంది.

నా అనుమానం తోడు మట్టి మీద.

ఇక్కడ మట్టి దొరకదు, చేసుకోవాలి. రాతిపొడి, ఎండుటాకులు, కాఫీ తొక్కలు కలిపి తొట్టిలో పోసి, పాత మట్టి ఒక గుప్పెడు అందులో కలుపుతారు. పాలలో మజ్జిగచుక్క వేసినట్టే. కొన్నాళ్ళకి తొట్టంతా మట్టి అవుతుంది. ఎవరి తోడు వాళ్ళదే, ఇంకో పందిరి తోడు కలపకూడదని నియమం. కానీ మన ఇళ్ళల్లో పక్కింటావిడ గిన్నె పట్టుకొస్తే తోడు లేదనే ఆడది ఉంటుందా? బుద్రమ్మ మట్టి ఎప్పుడో పాడై, గుట్టుగా ఎదురింటి తోడు తెచ్చుకుందేమో అనుకున్నాను.

ఎదురిల్లంటే సిదామా. దాన్ని చూసుకునే అల్మాజ్ నాకంటే చిన్నది. ముత్తవ్వ ఇథియోపియానుంచి వచ్చినా, దాని నోటి తెలుగు మాత్రం మా అందరికంటే ఘాటు.

"దమయంతక్కా, నన్ను దొంగని చేస్తున్నావా పొద్దున్నే?"

"దొంగ అన్లేదే. తోడు ఇచ్చావా అని అడిగాను."

"అడిగితే ఇచ్చేదాన్నే. నీ రూలు నీ పుస్తకంలో పెట్టుకో. కానీ ఆవిడ అడగలేదు. బుద్రమ్మత్త ఎవర్నీ ఏదీ అడగదు, ఆ మాట నీకూ తెలుసు."

నిజమే. పైగా సిదామా తోడు కలిస్తే మల్లెపూల వాసన రావాలి. మిగతా వాళ్ళ తోడు కలిసినా పెట్టె పట్టేసేది, ఆ ఊళ్ళన్నీ దానికి తెలుసు. అది తెలియదంది.

మధ్యాహ్నం మళ్ళీ అరకు గిన్నె ఒక్కటే పెట్టుకుని కూర్చున్నాను. మేం జుర్రి ఉమ్మేస్తాం, మింగం. మింగితే సాయంత్రానికి చేతులు వణుకుతాయి. ఇవాళ మింగాను. ఒకసారి కాదు, గిన్నె ఖాళీ అయ్యేదాకా.

బెల్లమూ నారింజా పోయాక నాలుక మీద ఒక చల్లదనం మిగిలింది. పుదీనా చల్లదనం కాదు. ఇనుప గొళ్ళేన్ని నాలుకతో తాకితే వచ్చే రుచి కొంచెం, ఉప్పు కొంచెం. అది వెనక్కి వెళ్ళి, గొంతు దగ్గర తిరిగి తియ్యగా అయ్యింది. ఆ తీపి తగ్గలేదు, గది తుడిచాను, గిన్నెలు కడిగాను, అయినా ఉంది. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో ఎన్నో రుచులకి పేర్లు పెట్టాను. దీనికి మాట దొరకలేదు. నా మీద నాకే కోపం వచ్చింది, ఆ కోపం వెనకే ఒళ్ళు జలదరించింది.


బుధవారం.

అరకు పందిరి సొరంగం చివర్న ఉంటుంది. తలుపు తీయగానే నీడ. కాఫీ చెట్ల మీద సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియం తీగలు. ఎక్కడివీ చెట్లు, ఎక్కడి కొండ, ఎక్కడి గ్రహం! బయట ఊపిరి పీలిస్తే చచ్చిపోయే చోట లోపల పనస చెట్టు కాయలు కాస్తోంది.

బుద్రమ్మ నాకంటే పెద్దది. సన్నగా, నిటారుగా ఉంటుంది. నన్ను చూసి తలైనా ఎత్తలేదు.

"ఆ డబ్బా నా మీద సెప్పుడు మాటలు సెప్పిందట గదా?"

"పెట్టె సంగతి వదిలెయ్యి వదినా. నేను తాగి చూశాను. మారింది."

"ఏటి మారీసింది? ఇదే సెట్టు. మా అమ్మమ్మ ఒళ్ళో పెట్టుకు తెచ్చినాది. అమ్మమ్మకాడ్నించి అమ్మకొచ్చింది, అమ్మకాడ్నించి నాకొచ్చింది. ఇది అరుకు కాకపోతే మరేటి?"

"శనివారం దీపాలు ఆర్పేస్తారు."

అప్పుడు తలెత్తింది. కళ్ళల్లో బెదురు కనబడింది గానీ గొంతులో రానివ్వలేదు. "కూకో" అంది. కాఫీ పెట్టింది. డికాషన్ దిగగానే మొదటి చుక్కలు ఒక చిన్న ఆకుదొన్నెలో పట్టి పక్కన పెట్టింది. నాకు గ్లాసు ఇచ్చి, తను తాగకుండా ఆ దొన్నె పట్టుకుని చెట్ల వెనక్కి వెళ్ళింది. ఖాళీ దొన్నెతో తిరిగొచ్చింది.

"ఎక్కడ పోశావు?"

"నేలకి."

"తొట్లోనా?"

"తొట్టి నేలేటి? తొట్టి తొట్టే." నన్ను ఒక పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నేలకి పెట్టకుండా మనం తాగుతామా? కొత్త పంటైనా, కొత్త కాఫీ అయినా ముందు నేలకి పెట్టాలి. తర్వాతే మన నోట్లోకి."

నాకు నవ్వొచ్చింది, అంతలోనే నవ్వు ఆగిపోయింది. ఈ లోయలో నేల ఎక్కడుంది? గోడనుంచి గోడదాకా రాతి పలకలు పరిచారు, అతుకులు మూశారు. కింద ఉన్నది విషం. బయటి దుమ్ము చేతికి తగిలితే పుండ్లు, నోట్లోకి పోతే గొంతు వాపు. పిల్లలకి నడక రాకముందే నేర్పే మాట అది. మరి నేలకి పోశానంటుందేమిటి?

"చూపించు" అన్నాను.

"ఎందుకు? రాసుకుని ఆళ్ళకి సెప్తావా?"

"చెప్పను. చూపించు."

అబద్ధం చెప్పాను. చూశాక చెప్పకుండా ఉండలేనని అప్పుడే తెలుసు. బుద్రమ్మకీ తెలిసే ఉంటుంది. ఎందుకో లేచింది.

పందిరి చివర, అన్నిటికంటే పాత చెట్ల మధ్య ఒక పలక లేదు. లేవదీసి గోడకి ఆనించేశారు, ఎప్పుడో, ఎన్నో ఏళ్ళ కింద. దాని మీద నాచు పట్టి ఉంది. పలక ఉండాల్సిన చోట మట్టి. నల్లగా కాదు, ఎర్రగా కాదు, రెండూ కలిసిన రంగు.

పలక తీస్తే గాలి పోతుంది, విషం పైకొస్తుంది, అందరం చస్తాం అని విని పెరిగినదాన్ని. "ఓసి నీ దుంప తెగ! ఎవరు తీశారిది?"

"మా అమ్మమ్మ. వొచ్చిన ఏడే. మొదట అలా రాయి మీదే పోసిందట. రాయి మీద పోసినది నేలకి ఎలగ అందుద్ది? మనూరొదిలి ఇంకో ఊరొచ్చినాం. ఈ నేలకి మనం ఎవరమో తెలవాలి గదా. సెప్పకుండా ఎలగ ఉంటాం? అందుకే పలక తీసి పెట్టీసింది. ఆ ఏడునించి ప్రతి పంటకీ మొదటి కాఫీ, మొదటి అంబలి, మొదటి పళ్ళ తొక్కలు, అన్నీ ఈ నేలకే."

సంచిలోంచి విషం చూసే కాగితం తీశాను. కుజుడి దుమ్ము తగిలితే ఊదారంగుకి తిరుగుతుంది. మట్టి మీద పెట్టాను. తెల్లగానే ఉంది. వేలు లోతున పెట్టాను. తెలుపు. మోకాళ్ళ మీద కూర్చుని మణికట్టుదాకా, మోచేతిదాకా పెట్టాను. తెలుపే. చివరికి పొట్ట మీద పడుకుని భుజందాకా చెయ్యి దింపాను. గ్రహం మొత్తం విషమని చెప్పిన నా పెద్దవాళ్ళందరూ గుర్తొచ్చారు. చెయ్యి ఇంకా లోపలికి పోతూనే ఉంది. అడుగు తగల్లేదు.

వేళ్ళకి ఏవో చుట్టుకున్నాయి. జుట్టంత సన్నటివి. లాగి చూస్తే తెల్లటి వేర్లు. పక్కనున్న తొట్టి అడుగు పగిలి, చెట్టు ఆ పలక సందులోంచి కిందికి దిగిపోయింది. ఒకటి కాదు, ఆ వరసలో చెట్లన్నీ దిగిపోయాయి. తొట్లలో ఉన్నట్టు కనబడుతున్నాయంతే. నిలబడ్డది కుజుడి మీద.

ఏడుపొచ్చింది. సిగ్గెందుకు, ఏడ్చాను. మట్టి చేత్తోనే మొహం తుడుచుకున్నాను, చచ్చిపోలేదు.


గురువారం.

రాత్రంతా నిద్రలేక, పొద్దున్నే అల్మాజ్ని లాక్కొచ్చాను. నా పిచ్చి నా ఒక్కదానికే కాదని తెలియాలిగా. ఏమీ చెప్పకుండా గిన్నె ముందు పెట్టాను.

జుర్రింది. చెంచా గాల్లో ఆగిపోయింది. రెండో చెంచా తీసుకుంది. తర్వాత చెంచా పక్కన పడేసి గిన్నె ఎత్తి తాగేసింది.

"అక్కా, ఇది ఎక్కడిది? ఈ చల్లగా ఉన్నదేంటి?"

చెప్పాను. అల్మాజ్ లేచి కిటికీ దగ్గరికి పోయి, గాజు బయట పరుగెత్తుతున్న ఆ దుమ్ముని చూస్తూ నిలబడింది.

"అంటే నేను ఇప్పుడు తాగింది దాన్నా?"

"దాన్నే."

"అమ్మ బాబోయ్!" అంది. కాసేపటికి, "మా ముత్తవ్వ తెచ్చిన మట్టి తగ్గిపోతోందక్కా" అంది. "తోడు వేసిన ప్రతిసారీ పలచబడుతోంది. మా పిల్లలదాకా వస్తుందో రాదోనని భయపడుతున్నాను. నువ్వేమో కాళ్ళ కింద అడుగులేనంత ఉందంటున్నావు."

అది నాకు తట్టనే లేదు. నాలుక తప్ప నాకేమీ లేదని మా అమ్మ ఊరికే అనలేదు. ఈ లోయలో ఉన్న మట్టంతా భూమినుంచి పెట్టెల్లో వచ్చిందే, దాన్నే సాగదీసుకుంటూ వస్తున్నాం. కొత్త మట్టి చెయ్యాలని పెద్ద పెద్ద చదువులవాళ్ళు యంత్రాలు పెట్టి చూశారు, విషం పోలేదు. ఇక్కడ ఒక ఇంటి ఆడవాళ్ళు మూడు తరాలుగా మర్యాద కోసం కాఫీ పోస్తే పోయింది. వాళ్ళకీ తెలియదు. వాళ్ళు మట్టి చెయ్యాలనుకోలేదు, పలకరించారు. తొక్కలతో, అంబలితో దిగిన కంటికి కనబడని పురుగులేవో ఆ విషాన్ని తినడం నేర్చుకున్నాయి. అంతకంటే నాకు తెలియదు. పొయ్యి మీద నీళ్ళు ఇగిరిపోయేదాకా అలాగే కూర్చున్నాం ఇద్దరం.


శుక్రవారం. దుమ్ము ఇంకా చిక్కబడింది.

పాత రూళ్ళన్నీ తిరగేశాను. బుద్రమ్మ కాఫీ అరకు కాదు, పెట్టె చెప్పింది నిజం. అరకని ముద్ర వేస్తే అబద్ధం, శనివారం అందరి ముందూ పెట్టె నన్ను పట్టేస్తుంది. వెయ్యకపోతే దీపాలు ఆరిపోతాయి. మిగిలిన దారి ఒక్కటే. కొత్త చోటుగా నమోదు చెయ్యడం. తన చోటంటూ ఉన్న కాఫీని ఆర్పే హక్కు కోదండపాణికి కూడా లేదు.

దానికి రెండు షరతులు. రుచికి నేను పూచీ పడాలి. పండించిన మనిషి అందరి ముందూ నిలబడి, ఇది ఫలానా చోటిదని తన నోటితో చెప్పాలి. మొదట వచ్చినవాళ్ళందరూ అలా చెప్పినవాళ్ళే. ఓడ దిగిన రోజు ఒక్కో కుటుంబం మొక్క ఎత్తి పట్టుకుని చోటు పేరు చెప్పిందట. దాన్ని చోటు చెప్పడం అంటాం. ఆ తర్వాత ఎవరికీ ఆ అవసరం రాలేదు.

బుద్రమ్మకి చెప్పేసరికి కత్తితో పొడిచినట్టు చూసింది.

"అరుకు కాదని నా నోటితో సెప్పమంటావా?"

"ఇంకేదో అని చెప్పు. అప్పుడే చెట్లు దక్కుతాయి."

"ఆ దినం అందరి ముందూ అరుకు అని సెప్పినాది మా అమ్మమ్మ. అక్కడ కొండలు ఎండిపోయినాయి. సెట్లు లేవు. ఆ పేరు బతికున్నాదంటే ఈ పందిట్లోనే. నాను కాదంటే ఇంకెక్కడుంటాది ఆ పేరు? సెప్పు!"

"పేరు పట్టుకుని చెట్లని చంపుకుంటావా?"

"నీకేటి తెలుసు? నీకు అన్ని ఊర్లూ గిన్నెల్లోనే గదా! నాకు ఒక్క ఊరే ఉన్నాది."

ఆ మాట గట్టిగా తగిలింది. నాకూ నోరు జారింది. "ఆ ఊరు నువ్వు కంటితో చూశావా? నేను చూశానా? నీ చెట్టు ఎవరి మాటా వినకుండా కిందికి దిగిపోయింది వదినా. దానికున్న తెలివి మనకి లేదు" అనేశాను.

బుద్రమ్మ తలుపు చూపించింది. వచ్చేశాను. ఎందుకన్నానా అని ఇప్పుడు ఏడుస్తున్నాను. రేపు ఏమంటుందో తెలియదు. అసలు వస్తుందో రాదో.


శనివారం.

వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, మెడలో పూసలు వేసుకుని వచ్చింది. నా వైపు చూడలేదు.

రుచి గదిలో అయిదు పందిళ్ళవాళ్ళూ కూర్చున్నారు. పలక సంగతి నేనే ముందు చెప్పేశాను, దాస్తే తర్వాత అదో గొడవ. గదంతా గగ్గోలు. "పలక లేపారా? ఎవరి ప్రాణాల మీదికి తెస్తారు?" అని హరాజ్ పందిరి పెద్దాయన లేచాడు. కాగితాలన్నీ బల్ల మీద పరిచాను, భుజం లోతు కాగితం కూడా. తెల్లగా ఉన్నాయి. ఆయన ఒక్కోటీ కళ్ళజోడు దగ్గరికి తీసుకుని చూసి కూర్చున్నాడు. ఇంక లేవలేదు.

తర్వాత గిన్నెలు పెట్టాను. ఒకటే కాఫీ, అందరికీ. నీళ్ళు పోసి ఆగాం. తెట్టు కట్టింది. అందరూ ఒకేసారి పగలగొట్టారు, ఒకేసారి జుర్రారు. మామూలుగా ఆ చప్పుడు వింటే నాకు నవ్వొస్తుంది. ఇవాళ రాలేదు. ఒక్కొక్కరి మొహం చూస్తున్నాను. బెల్లం తగిలిన మొహం, నారింజ తగిలిన మొహం. అంతలో ఆ చల్లదనం వచ్చింది, ఒకరి తర్వాత ఒకరు తల తిప్పి కిటికీ వైపు చూశారు. నేను ఎవరికీ చెప్పలేదు అటు చూడమని. బయట ఎర్రటి చీకటి ఉరుకుతోంది. పుట్టినప్పటినుంచీ దాన్ని చూసి తలుపులు వేసుకున్నవాళ్ళం. దాని రుచి నోట్లో పెట్టుకుని దాన్నే చూస్తున్నాం.

కోదండపాణి గారు గిన్నె దించారు. తర్వాత అడగాల్సింది అడిగారు. "రుచికి పూచీ ఎవరు?"

"నేను" అన్నాను.

"అమ్మా బుద్రమ్మ గారూ, మీరు పండించిన ఈ కాఫీ ఏ చోటిది?"

బుద్రమ్మ లేచి నిలబడింది. నోరు తెరిచింది, మూసింది. చేతులు చీర కొంగుని పట్టుకున్నాయి. అరుకు అనేస్తుందనుకున్నాను. అన్నా తప్పు పట్టలేననుకున్నాను.

"మా అమ్మమ్మ అరుకుది" అంది. "మా అమ్మ దారిలో, ఓడలో పుట్టినాది. ఆమెకి ఏ ఊరూ లేదు. నాను ఆ పందిట్లో పుట్టినాను. ఏనాడూ నాను ఇక్కడిదాన్నని అనలేదు. అమ్మమ్మకి బాధ గదా అని అనలేదు." ఊపిరి పీల్చుకుంది. "నిన్న దమయంతమ్మని తిట్టి పంపీసి, నేల కాడికెళ్ళి కూకున్నాను. ఇన్నేళ్ళూ పెట్టినామే, తిన్నావా అని అడిగినాను. అది మాటాడదు గదా. సెట్టు ఏరు సూసినాను. ఎంత గట్టిగా పట్టుకున్నాదో! పిల్ల తల్లిని పట్టుకున్నట్టు పట్టుకున్నాది. మరి ఎవుల్ది అది?"

చేతిలోని కొంగు వదిలేసింది.

"ఇక్కడిది" అంది బుద్రమ్మ. "ఈ కాఫీ ఇక్కడిది బాబూ."

అల్మాజ్ బావురుమంది. కోదండపాణి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, కరెంటు మాత్రం ఎక్కడా పుట్టదనీ, మిగతావాళ్ళు తలా కాస్త తగ్గించుకోవాలనీ అన్నారు. ఆయన మాట పూర్తి కాకముందే అల్మాజ్ ఏడుస్తూనే తన వాటాలోంచి ఇస్తానంది. హరాజ్ పెద్దాయన, "మాదీ తీసుకో. కానీ పలక ఎలా తియ్యాలో ఆవిడ వచ్చి మాకు చూపించాలి" అన్నాడు. ఆఖరికి కోదండపాణి గారు, "ముందు మా ఆఫీసు దీపాలు ఆర్పిస్తాను. అక్కడ ఎలాగూ పెద్దగా పనేం లేదు" అన్నారు. అందరూ నవ్వారు, ఆయన మాత్రం నిజంగానే అన్నారు. గిన్నె నా వైపు జరిపి, ఇంకొంచెం ఉందా అని మెల్లిగా అడిగారు.

అందరూ వెళ్ళాక కొత్త చోటు పేరు రాసే నమోదు పలక తీసి కుంచె సిరాలో ముంచాను. బుద్రమ్మ పోలేదు. నా భుజం మీదుగా చూస్తూ నిలబడింది.

"అరుకు అని ఇంకెప్పుడూ రాయవా?"

"దీని మీద రాయను వదినా."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కుంచె పట్టుకుని ఆగాను, ఎంతసేపైనా ఆగుదామనుకున్నాను. చివరికి కొంగు తీసేసి కళ్ళు తుడుచుకుంది.

"సరే, రాయి. పెద్ద పెద్ద అచ్చరాలు రాయి, దమయంతమ్మా. మా అమ్మమ్మకి కళ్ళు ఆనవు."

పలక ఆ చివరినుంచి ఈ చివరిదాకా నిండేలా "ఇక్కడిది" అని రాశాను.